వల మీద చోటు

పరదా లాగేసరికి సముద్రం గదిలోకి వచ్చేసినట్టయింది.

"ఏమండీ! ఇటు రండి, తొందరగా!"

భర్త స్నానాలగదిలో ఉన్నాడు. కుళాయి ఎంత తిప్పితే నీళ్లు ఎంత వేడిగా వస్తున్నాయో పరీక్షిస్తున్నాడు. పంపులు తయారుచేసే కంపెనీలో కొనుగోళ్ల విభాగంలో పని అతనిది. ఏ వస్తువు కంటబడినా దాన్ని తిప్పి, తట్టి, అడుగున ఏం రాసి ఉందో చదివితే గాని వదలడు. పెళ్లయిన ఈ కొద్దిరోజుల్లో ఆమెకి అదీ ముద్దుగానే ఉంది. హోటల్లో దిగిన దగ్గర్నుంచి ఆమెకి ముద్దుగా లేనిదేదీ కనబడలేదు. తువ్వాలు మడిచి చేసిన హంస, అగ్గిపెట్టెంత సబ్బులు, బొటనవేలంత సీసాల్లో జామ్, గదిలో నడిస్తే పాదాలకి కరకరమని తగిలే ఇసుక, అన్నీ.

కింద ఇసుక మీద నుంచి పసుపు తెరచాప పడవ ఒకటి నీళ్లలోకి జారుతోంది. అది మామూలు పడవ కాదు. సన్నటి పడవలు రెంటిని పక్కపక్కన ఉంచి, మధ్యలో మంచానికి నవారు బిగించినట్టు వల బిగించారు. ఆ వల మీద నలుగురు బోర్లా పడుకున్నారు. అల లేచినప్పుడల్లా నీళ్లు కిందనుంచి వలలోంచి చిమ్మి వాళ్లని తడిపేస్తున్నాయి. వాళ్ల కేకలు మేడ మీదికి వినిపిస్తున్నాయి.

"అది ఎక్కుదామండీ. ఆ వల మీద అలా పడుకుందాం."

"ఎక్కకపోతే ఇంత దూరం ఎందుకొచ్చాం?" అతను తడిచేతులు ఆమె చున్నీకి తుడుచుకుని, ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. "ముందు ఇక్కడ ఏమేం పడవలున్నాయో కనుక్కుందాం."

ఆ 'ముందు' ఎంత పొడుగు సాగుతుందో అప్పటికి ఆమెకి తెలియదు.

కింది హాల్లో, గాజు తలుపుల పక్కన విహారాల బల్ల ఉంది. బల్ల వెనక కూర్చున్నాయన తల తడిపి దువ్వుకుని, పెళ్లికొడుకు తరఫు మనిషిలా నవ్వుతూ లేచాడు. రంగు కాగితాలు విసనకర్రలా పరిచాడు.

"కెటమరాన్, అదే జంటపడవ కదా సార్? మన దగ్గర మూడు రకాలున్నాయి."

మూడు అనేసరికి భర్త మొహం విప్పారింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా ఆఫీసులో గుండుసూది కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలండీ," అన్నాడు గర్వంగా. బల్లాయన "అబ్బో!" అన్నాడు, కస్టమరు ఏమన్నా అబ్బో అనడం అలవాటైన గొంతుతో.

మొదటిది రెండంతస్తుల పడవ. భోజనం, పాటలు, నీళ్లలోకి జారుడుబల్ల. రెండోది సాయంత్రం పడవ, దాన్లో సూర్యుడు మునిగే వేళకి కేకు ఇస్తారు. మూడోది పగడపు దిబ్బల దాకా వెళ్తుంది, అక్కడ అద్దాలు పెట్టుకుని చేపల్ని చూడొచ్చు. భర్త ఒక్కొక్కదాన్నీ అడగడం మొదలుపెట్టాడు. ఇంజిను ఎవరు తయారుచేసింది? లైఫ్ జాకెట్లు ఎప్పుడు కొన్నారు? చేప కూరలో ముళ్లుంటాయా?

"పొద్దున్న పసుపు తెరచాప పడవ ఒకటి కనబడిందండీ," ఆమె మధ్యలో అంది. "దాని సంగతేంటి?"

బల్లాయన నవ్వు పెదాల మీద అలాగే ఉండి, కళ్లలోంచి మాత్రం దిగిపోయింది. అతని ఎడంవైపు కోరపన్ను కట్టుడుదని, పక్కపళ్ల కన్నా కాస్త తెల్లగా ఉందని ఆమె అప్పుడే గమనించింది. పళ్ల డాక్టరు కదా, ఎవరు నవ్వినా ముందు అదే కనబడుతుంది.

"అదా మేడమ్? అది మా దగ్గర బుక్ చెయ్యం. చిన్నది. కూర్చోడానికి కుర్చీలుండవు. బట్టలన్నీ తడిసిపోతాయి."

"తడవడానికేగా..."

"నీకు వీటిలో ఏది బాగుంది?" భర్త మూడు కాగితాలూ ఆమె ముందు పెట్టాడు. ప్రేమగానే అడిగాడు. కానీ 'వీటిలో' అన్నాడు. పరాయివాడి ఎదుట మళ్లీ ఆ పసుపు తెరచాప మాట ఎత్తితే మొండిపిల్ల అనుకుంటారేమో అనిపించింది ఆమెకి.

"మీ ఇష్టం," అనేసింది. అనేశాక నాలిక కరుచుకుంది. ఆ మాట నోటి చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, దగ్గొచ్చినట్టు వచ్చేస్తుంది.

ఒడ్డుకి వెళ్లేసరికి పసుపు తెరచాప పడవ తిరిగొచ్చి ఇసుక మీద ఉంది. చాప దించి కొయ్యకి చుట్టారు. పడవ నీడలో ఒకామె గొంతుక్కూర్చుని, వల అంచుకి కొత్త తాడు అల్లుతోంది. నడివయసు మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచింది. ఉప్పుకి పెళుసెక్కిన టోపీ. తాడుని కన్నంలోంచి దూర్చి, అంచు చుట్టూ తిప్పి, కొసని పంటితో పట్టి బిగలాగుతోంది.

"అయ్యో, పంటితో లాగకండక్కా! విరుగుతుంది."

"విరిగింది తల్లీ. ఇది దాని పక్కది." ఆమె నోరు బార్లా తెరిచి చూపించింది. కొత్త పెళ్లికూతురు అక్కడికక్కడే ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ గెడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురుకి తిప్పి చూసింది.

"సగం ఉంది. నిలబెట్టొచ్చు. దీన్ని ఇలా వదిలెయ్యకండి."

"డాక్టరువా?"

"పళ్ల డాక్టర్ని."

"నా పడవ చూడ్డానికి వచ్చి నా పళ్లు చూస్తున్నావు!" పడవామె గట్టిగా నవ్వింది. "చెయ్యి వేసి చూడు, సిగ్గుపడకు."

ఆమె వల మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. వల కిందికి దిగి, చెయ్యి తీయగానే మళ్లీ పైకొచ్చింది. మళ్లీ నొక్కింది. లోపలెక్కడో నవ్వు పొంగింది. భర్త ఈలోగా చుక్కాని దగ్గర వంగి, మరలకి తుప్పు పట్టిందేమోనని గోటితో గీకి చూస్తున్నాడు.

"పొద్దున్నే గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది, అప్పుడే పోవాలి," పడవామె చెప్పింది. "ఎండెక్కాక గాలి ఎదురు తిరుగుతుంది, నేను కదలను. వల మీద నలుగురికే చోటు. రేపటికి ఇద్దరు ఉన్నారు. మిగిలిన రెండూ మీకు ఉంచమంటారా?"

ఆమె భర్త వైపు చూసింది. అతను లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఉంచండి, ఉంచండి. పొద్దున్నే వచ్చేస్తాం," అన్నాడు.

ఆమెకి కాళ్లు ఇసుక మీద ఆనలేదు. తిరిగొచ్చే దారంతా గవ్వలు ఏరి అతని చొక్కా జేబులో వేసింది. అతను వద్దనలేదు. మెట్ల దాకా వచ్చాక, జేబు మీద చెయ్యేసి గవ్వల బరువు చూసుకుంటూ అన్నాడు:

"బాగానే ఉంది. రేటు కూడా తక్కువ చెప్పింది. ఈ రేటు చూపించి బల్లాయన్ని తగ్గించమని అడగొచ్చు."

ఆమె మెట్టు మీద ఆగిపోయింది. "అడగడమెందుకు? రేపు దీన్లోనే వెళ్తున్నాంగా?"

"వెళ్తాం. కాకపోతే ఒకటి చేతిలో ఉంచుకుని మిగతావి చూసుకోవాలి. అలాగైతేనే మంచిది దొరుకుతుంది. ఎక్కడైనా అంతే."

ఆ సాయంత్రం అతను వాళ్ల అన్నయ్యకి ఫోన్ చేశాడు. అన్నయ్య పెద్ద పడవే మేలన్నాడు. మధ్యలో వదిన ఫోన్ లాక్కుని, టాయిలెట్ లేని పడవ ఎక్కితే ఊరుకోనని కేకలేసింది. ఆ వెనక అత్తయ్య గొంతు, "అమ్మాయికి ఎండ తగలనీకురా, నల్లబడిపోతుంది." ఆమె మంచం మీద కూర్చుని, గవ్వల్ని పెద్దవీ చిన్నవీ విడదీస్తూ, అందరి మాటలూ వింది. ఆ ఫోన్లో ఉన్నవాళ్లు ఎవరూ ఆ పడవని చూడలేదు. చూసిన మనిషి పక్కనే కూర్చుని ఉంది.

మర్నాడు ఆమె తెల్లవారేసరికి తయారైపోయింది. గాలికి విడకుండా జడ బిగించి అల్లుకుంది. మెడకీ చెవుల వెనకా క్రీము రాసుకుంది. టిఫిన్ల హాల్లోకి దిగేసరికి భర్త అప్పటికే ఒక బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గొడుగు దంపతులు. వయసైన జంట, ఎక్కడికెళ్లినా ఒకే గొడుగు కింద నడుస్తారని మొదటి రోజే ఆమె వాళ్లకి ఆ పేరు పెట్టింది. వాళ్లు ముందురోజు పెద్ద పడవలో వెళ్లొచ్చారు.

"చాలా బాగుంది బాబూ. నడుం నొప్పి లేకుండా వెళ్లొచ్చాం," గొడుగుపెద్దాయన అంటున్నాడు.

"భోజనం వేడిగా పెట్టారా?"

"కాఫీ కాస్త చల్లారింది," ఆయన భార్య అంది.

"కాఫీ చల్లారిందా?" భర్త అది చాలా పెద్ద విషయమన్నట్టు ముందుకి వంగాడు.

ఆమె అతని మోచెయ్యి తాకింది. "ఏమండీ, టైమవుతోంది."

"ఒక్క నిమిషం. కూర్చో, నువ్వూ విను."

ఆమె కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్లింది. దూరంగా ఇసుక మీద పసుపు తెరచాప ఎత్తి ఉంది, గాలికి టపటప కొట్టుకుంటోంది. వల మీద ఇద్దరు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. పడవామె పక్కన నిలబడి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని హోటలు వైపు చూస్తోంది. ఒక జంట నడిచొచ్చి ఆమెతో ఏదో మాట్లాడారు. పడవామె తల అడ్డంగా ఊపి, హోటలు వైపు వేలు చూపించింది. చోట్లు వేరేవాళ్లవని చెబుతోందని ఇక్కడి దాకా తెలుస్తూనే ఉంది. ఆ జంట కాసేపు నిలబడి, పాదాలతో ఇసుక కెలికి, వెళ్లిపోయారు.

"ఏమండీ!"

"వచ్చేస్తున్నా. అంకుల్, టాయిలెట్ శుభ్రంగా ఉందా?"

పడవామె మరోసారి చూసింది. తర్వాత వంగి పడవని తోసింది. తెరచాప గాలి పట్టింది. వల మీద ఇద్దరే ఉన్నారు. మిగతా సగం వల ఖాళీగా, అల వచ్చినప్పుడల్లా ఒట్టి నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లిపోయింది.

భర్త వచ్చి పక్కన నిలబడేసరికి పడవ పసుపు గోరంత అయిపోయింది.

"అయ్యో, వెళ్లిపోయిందా?" అన్నాడు. "పోన్లే. దానికంటే మంచిదే తేలింది."

"మన కోసం ఆగింది. వచ్చినవాళ్లని తిప్పి పంపేసింది. నేను చూశాను."

"మనం అడ్వాన్సేం ఇవ్వలేదుగా."

"వస్తామన్నారు మీరు."

"కొటేషన్ తీసుకున్నంత మాత్రాన కొనేసినట్టు కాదుగా? ఇది మామూలే. వాళ్లకీ తెలుసు."

"ఆవిడకి తెలియదు. ఆవిడ చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని నిలబడింది."

అతను చేతిలో తెచ్చిన జామ్ సీసా ఆమె అరచేతిలో పెట్టాడు. అది నారింజ రంగుది, ఆమె దాచుకుంటున్న వాటిలో ఇంకా లేనిది. నిన్నైతే ఎగిరి గంతేసేది. ఇవాళ దాన్ని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

బల్లాయన దగ్గర అతను మళ్లీ కూర్చున్నప్పుడు ఆమె ఊరుకోలేకపోయింది. "మా దగ్గరికి పన్ను కట్టించుకోడానికి వస్తారు," అంది. "ఏ రంగు పన్ను పెట్టాలో నమూనాలు పెదవి దగ్గర పెట్టి చూస్తాం. చూసీ చూడగానే తేల్చెయ్యాలండీ. తేలకపోతే చూపు పక్కకి తిప్పుకుని మళ్లీ చూడాలి. అంతేగాని గుచ్చి గుచ్చి చూస్తూ కూర్చుంటే కళ్లు అలిసిపోతాయి. అన్నీ ఒకేలా కనబడతాయి. అప్పుడే తప్పు పన్ను పెట్టేస్తాం."

బల్లాయన చటుక్కున పెదాలు మూసుకున్నాడు.

"డాక్టరుగారూ, పన్ను నోట్లో ఉంటుంది, పడవ సముద్రంలో ఉంటుంది," భర్త నవ్వాడు. తన చమత్కారానికి తనే మురిసిపోయి, బల్లాయన వైపు తిరిగాడు. "ఒడ్డున ఆవిడ ఎంత చెప్పిందో తెలుసా? మీరు కూడా కాస్త చూసి వెయ్యాలి మరి."

మధ్యాహ్నానికి బేరం కుదిరింది. రెండంతస్తుల పడవ. బల్లాయన బాగానే తగ్గించాడు. భర్త విజయంతో వెలిగిపోతూ టికెట్లు ఆమెకి అందించాడు. ఆమె వాటిని మడిచి సంచిలో వేసుకుని, ఒడ్డు వైపు ఉన్న తలుపులోంచి కాకుండా వెనక తలుపులోంచి బయటికి నడిచింది. పడవామె ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్న ఎక్కిన పెద్ద పడవ బ్రహ్మాండంగా ఉంది. అబద్ధమెందుకు? మెట్లెక్కుతుంటే ఆమె మనసు కాస్త కరిగింది కూడా. తెల్లటి రెయిలింగు, చేతికి కట్టిన కాగితప్పట్టీ, ఎవరో ఇచ్చిన పుచ్చకాయ రసం. పైగా ముందువైపు, రెండు పడవల మధ్య, పెద్ద వల ఉంది! చూడగానే భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని అటు లాగింది.

వలకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకి బోర్డు వేలాడుతోంది: ప్రత్యేక టికెట్టు వారికి మాత్రమే.

"ఇది వేరే టికెట్టు సార్," తెల్లచొక్కా సిబ్బంది మనిషి చెప్పాడు. "బల్ల దగ్గర చెప్పలేదా?"

"ఇప్పుడు తీసుకుంటాం."

"ఇవాళ్టికి నిండిపోయింది సార్. మీ కుర్చీలు పైన, స్పీకరు పక్కన."

బల్ల దగ్గర భర్త అన్నీ అడిగాడు. ఇంజిను అడిగాడు, ముళ్లు అడిగాడు, టాయిలెట్ అడిగాడు. కాఫీ వేడిగా పెడతామని మాట కూడా తీసుకున్నాడు. వల మీద పడుకోనిస్తారా అని మాత్రం అడగలేదు. అది అన్నయ్యకి అక్కర్లేదు, వదినకి అక్కర్లేదు, గొడుగు దంపతులకి అక్కర్లేదు. ఆమెకొక్కతెకే కావాలి.

స్పీకరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే పాట పళ్లలోంచి వినబడుతోంది. భోజనం కోసం వరసలో నిలబడ్డారు. వరస కదలడం లేదు. ఎవరో పిల్లాడు ఆమె కాలి మీద ఐస్‌క్రీం పడేశాడు. ఇంజిను పొగ ఒకవైపు, వేపుడు వాసన ఒకవైపు. చుట్టూ ఇంత సముద్రం ఉందన్నమాటే గాని, ఒక్క చుక్క ఆమె ఒంటి మీద పడలేదు.

"కాఫీ వేడిగానే ఉంది," భర్త అన్నాడు. పాట జోరులో అరవాల్సి వచ్చింది. "వేడిగా ఉంది అంటున్నా!"

"ఆఁ!" ఆమె కూడా అరిచింది.

అప్పుడే పసుపు తెరచాప వాళ్ల పక్క నుంచి వెళ్లింది. ఇంజిను లేదు, పాట లేదు. ఒకవైపు పడవ నీళ్లలోంచి లేచి, చాప విల్లులా వంగి, జారిపోతున్నట్టు వెళ్లింది. వల నిండా మనుషులున్నారు. పడవామె చుక్కాని కర్ర చంకలో ఇరికించుకుని తాడు లాగుతూ, ఒక్కసారి పెద్ద పడవ వైపు తలెత్తి చూసింది. పైనున్న ఆమె గబుక్కున తల దించుకుంది. తమని గుర్తుపట్టిందో లేదో తెలియదు. గుర్తుపట్టకపోతే బాగుండునని అనుకుంది. పట్టి, తిట్టినా బాగుండునని ఆ వెంటనే అనుకుంది.

తల ఎత్తేసరికి భర్త తననే చూస్తున్నాడు.

గదికొచ్చాక పెట్టె సర్దడం మొదలుపెట్టారు. మర్నాడు మధ్యాహ్నం బస్సు. అతను చొక్కాలు మంచం మీద పరిచి, చేతులు వెనక్కి మడిచి, అంచులు కలిపి చక్కగా మడతలు పెడుతున్నాడు. ఆమె చేతికందిన వస్తువుని అందినట్టే పెట్టెలోకి విసురుతోంది.

"ఏమైంది?"

"ఏం కాలేదు."

"పడవ బాగా లేదా?"

"బాగానే ఉంది."

"మరి ఏంటి?"

"ఒకటి అడగనా?" ఆమె చేతిలో దువ్వెనతో తిరిగింది. "నన్ను ఎంచుకునే ముందు ఎన్ని కొటేషన్లు తీసుకున్నారు?"

అతని చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ మాటనకు," అన్నాడు. "నిన్ను చూశాక నేను అన్నయ్యక్కూడా ఫోన్ చెయ్యలేదు. మీ ఇంట్లోంచి బయటికొస్తూ మెట్ల మీదే సరే అనేశాను. ఇంట్లో అందరూ జ్వరమేమైనా వచ్చిందా అన్నారు."

ఆమె ఇది ఊహించలేదు. కోపం కాలు జారినంత పనైంది. దాన్ని మళ్లీ నిలబెట్టుకుంది.

"మరి పడవ దగ్గరికొచ్చేసరికి ఆ మనిషేమయ్యాడు?"

"తప్పుది ఎంచుకుంటే మాట పడేది నేను. హనీమూన్‌కి తీసుకెళ్లి ఇలాంటి పడవెక్కించాడని నువ్వు జన్మంతా చెప్పుకుంటావు."

"ఇప్పుడు చెప్పుకోనా? మొదటిరోజే చెప్పాను నేను, అది ఎక్కుదామని."

"ఆ తర్వాత అడిగితే మీ ఇష్టం అన్నావు."

అన్న మాట నిజమే. "అది వేరు," అంది చివరికి. ఎలా వేరో చెప్పలేక ఒళ్లు మండిపోయింది. "ఆవిడకిచ్చిన మాట సంగతేంటి? అదీ నేను మీ ఇష్టం అన్నందుకేనా?"

అతను చొక్కా మడతపెట్టాడు. విప్పాడు. మళ్లీ అదే చొక్కా మడతపెట్టాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తువ్వాలు హంస కుర్చీ మీద మెడ వాల్చేసి ఉంది.

పొద్దున్న ఆమె అతన్ని లేపలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చేసింది. ఇసుక చల్లగా ఉంది. సగం దూరం వెళ్లాక వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. భర్తే. బస్సు ప్రయాణానికని తీసిపెట్టుకున్న ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, బొత్తాలు పెట్టుకుంటూ వస్తున్నాడు. వచ్చి ఆమె పక్కన నడిచాడు.

పసుపు తెరచాప ఎత్తి ఉంది. వల మీద ముగ్గురు ఆడవాళ్లు ఎక్కి, ఎటు తల పెట్టి పడుకోవాలో వాదించుకుంటున్నారు. పడవామె కొయ్యకి తాడు ముడేస్తోంది. ఈసారి పంటితో కాదు, చేత్తో.

"అక్కా," ఆమె అంది. రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "మొన్న మా కోసం ఆగారు..."

"మేం వస్తామన్నాం," భర్త గొంతు సవరించుకున్నాడు. "నేనే అన్నాను. ఆ రోజు, అంటే..."

"అన్నారు," అంది పడవామె. ముడి బిగించింది.

అంతే. తిట్టలేదు, పోన్లెమ్మనలేదు. ఆ ఒక్క మాట వాళ్లిద్దరి ముందూ ఇసుకలో పడి ఉంది. దాన్ని దాటడానికి భర్తకి దారి దొరకలేదు. "తప్పు నాదే," అన్నాడు మెల్లగా. పడవామె అతని మొహంలోకి ఒకసారి చూసి, ఆమె వైపు తిరిగింది.

"ఒక్క చోటుంది డాక్టరమ్మా. గాలి ఆగదు. ఎక్కుతావా? ఎండెక్కే లోపు దింపేస్తాను."

ఒక్క చోటు. ఆమె మెడ అలవాటుగా భర్త వైపు తిరగబోయింది. అతను ఏమంటాడో ఆమెకి తెలుసు. ఒక్క నిమిషం, అంటాడు. లేకపోతే ఇద్దరికీ చోటున్నది చూద్దామంటాడు. నోటి చివర ఆ పాత మాట సిద్ధంగా వచ్చి నిలబడింది.

చూపు పక్కకి తిప్పుకుంది. నీళ్ల వైపు చూసి, మళ్లీ వల వైపు చూసింది.

"ఎక్కుతాను," అంది.

చెప్పులు భర్త చేతిలో పెట్టి, చున్నీ నడుముకి చుట్టుకుని, పడవ అంచు పట్టుకుని ఎక్కేసింది. వల ఆమె బరువుకి దిగి, మళ్లీ పైకి లేపింది. ముగ్గురాడవాళ్లూ జరిగి చోటిచ్చారు. బోర్లా పడుకుంటే తాళ్ల కన్నాల్లోంచి ఇసుకా, పాకుతున్న నీటి అంచూ కనబడ్డాయి. అప్పుడు తలెత్తి భర్త వైపు చూసింది.

అతను నోరు తెరిచే ఉన్నాడు. కానీ అందులోంచి 'ఒక్క నిమిషం' అన్న మాట రాలేదు.

"బాబూ, అలా బొమ్మలా నిలబడకు, వెనక నుంచి తొయ్యి!" పడవామె కేకేసింది.

రోజూ బూట్లు జత కలిపి గోడకి ఆనించి పెట్టే మనిషి, ఆమె చెప్పుల్ని ఇసుకలోకి ఎటో విసిరేసి పరిగెత్తాడు. వంగి భుజం ఆనించి తోశాడు. పడవ కదలలేదు.

"ఇంకా! ఇంకా! రాత్రి తిండి తినలేదా?"

మళ్లీ తోశాడు. పడవ కిర్రుమని జారింది. అతను దానితోపాటు మోకాళ్ల దాకా, నడుం దాకా నీళ్లలోకి వచ్చేశాడు. ఒక అల వచ్చి అతని మొహాన కొట్టింది. కళ్లజోడు ఒక చెవికి వేలాడింది. ఇస్త్రీ ప్యాంటు సంగతి దేవుడికెరుక. వల మీది ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. అతను ఉప్పునీళ్లు ఉమ్ముతూ, ఒక చేత్తో కళ్లజోడు పట్టుకుని, ఇంకో చేత్తో ఇంకా తోస్తూనే ఉన్నాడు.

తెరచాప టప్పుమని గాలి పట్టింది. పడవ అతని చేతిలోంచి లాగేసుకున్నట్టు వెళ్లిపోయింది.

మొదటి అల కిందనుంచి వచ్చింది. చల్లగా, ఒక్కసారిగా, గెడ్డం నుంచి కాలివేళ్ల దాకా. ఆమె అరిచింది. ఇన్ని రోజుల విసుగూ ఆ అరుపులో పడి కొట్టుకుపోయింది. రెండో అలకి నవ్వు మొదలైంది, ఇక ఆగలేదు. ముక్కులోకి నీళ్లు, జడలోకి నీళ్లు. వల కింద సముద్రం పచ్చగా, నీలంగా, ఎంతో దగ్గరగా పరిగెడుతోంది.

వెనక్కి తిరిగి చూస్తే భర్త ఇంకా నడుం లోతు నీళ్లలోనే ఉన్నాడు. చేతులు నోటి దగ్గర దొన్నెలా పెట్టి ఏదో అరుస్తున్నాడు. గాలి అటు నుంచే వీస్తోంది కాబట్టి ముక్కలు ముక్కలుగా వినబడింది.

"ఏమంటున్నాడు మీ ఆయన?" పడవామె అడిగింది.

"ఎలా ఉంది అని అడుగుతున్నారు."

"చెప్పు మరి."

చెప్పినా వినబడదు. గాలి ఆమె మాటని అటు పోనివ్వదు. అది అతనికీ తెలిసే ఉంటుంది. అయినా అక్కడే నిలబడి మళ్లీ అరిచాడు. ఈసారి ఆ ప్రశ్న అన్నయ్యని అడగలేడు, గొడుగు దంపతులని అడగలేడు. తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె తిరిగి వచ్చేదాకా ఒడ్డున కూర్చోవలసిందే.

"ఒడ్డుకెళ్లాక చెప్తాలే అక్కా," అంది ఆమె. తడి చెంప వలకి ఆనించి కళ్లు మూసుకుంది. "నువ్వు మాత్రం వెనక్కి తిప్పడానికి తొందరపడకు."